ముల్లు కదల్లేదు

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. బజార్లో అందరూ ఎదురుగా సార్ అనేవాళ్ళు, వెనక మాత్రం మిల్లీగ్రామని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. పడ్డా కోపం రాలేదు, పైగా లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా. తక్కెడ పళ్ళెం అడుగున అంటించిన మైనం ముద్దని దూరం నుంచే పసిగట్టే మనిషి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క దొంగ కాటాకి ముద్ర వేసి ఎరగడు. అలాంటివాడి ఇంట్లో, అదీ ఆయన పడకగదిలో, వస్తువుల బరువు తేడాగా ఉందంటే ఎవరు నమ్ముతారు? అందరికంటే ముందు ఆయనే నమ్మలేదు.

ఆ మాట మొదట అన్నది ఆయన భార్య. ఆవిడ ఇంటిపట్టునే బట్టలు కుడుతుంది. పడకగదిలో మంచానికీ కిటికీకీ మధ్య కుట్టు మిషను, దాని పక్కన గుడ్డ కత్తిరించే బల్ల, పగలంతా ఆవిడ అక్కడే. మూడు నెలల క్రితం ఒక పొద్దున లేస్తూనే దుప్పటి బరువుగా ఉందండీ అంది. ఉతికాక సరిగ్గా ఆరలేదేమో అని ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కత్తెర బరువుగా ఉందంది.

"ఇరవై ఏళ్ళుగా నా చేతిలో ఉన్న కత్తెరండీ ఇది. దీని బరువు నా చేతికి తెలియదా?"

తూకం మీద తనకి తెలియనిది ఇంకొకరి చేతికి తెలుస్తుందనడం ఆయనకి నచ్చలేదు. ఆఫీసు త్రాసు తెచ్చాడు. మఖమలు పరిచిన పెట్టెలోంచి ఇత్తడి గుండ్లు ఒక్కొక్కటే చిన్న పటకారుతో తీశాడు, చెయ్యి తగిలితే చెమటకి బరువు మారుతుందని. కత్తిరించే బల్ల మీద త్రాసు నిలబెట్టి ఒక పళ్ళెంలో కత్తెర, ఇంకో పళ్ళెంలో గుండ్లు పెట్టి ఊపిరి బిగబట్టాడు. ముల్లు అటూ ఇటూ ఊగి మధ్య గీత మీద నిలబడింది. మూడు వందల పది గ్రాములు. నోటుబుక్కులో తేదీతో సహా రాసుకుని, చూశావుగా అన్నాడు. ఆవిడ ముల్లు వైపు చూసి తల దించుకుని మళ్ళీ గుడ్డ కత్తిరించుకుంది.

పది రోజుల తర్వాత తూచినా మూడు వందల పదే. ఇంకో పది రోజులకీ అంతే. ఒకసారి మాత్రం ముల్లు మధ్య గీతకి వెంట్రుకవాసి పక్కగా, మంచం ఉన్న వైపుకి వాలింది. బల్ల ఎగుడుదిగుడుగా ఉందని ఆయన దాని కాలి కింద కాగితం మడిచి పెట్టి, త్రాసుని కాస్త సవరించి, ముల్లుని దారికి తెచ్చాడు.

అయినా ఆవిడ మాటలు ఆగలేదు. దువ్వెన బరువంది, మంచినీళ్ళ గ్లాసు బరువంది. కళ్ళజోడు ముక్కు మీద గుంటలు పెడుతోందంది. గుడ్డ ఒంటి మీదకి సరిగ్గా జాలువారడం లేదు, ఎవరో కిందనుంచి పట్టి లాగుతున్నట్టు నిటారుగా వేలాడుతోందంది. తెగిన దారం ముక్క గాల్లో తారాడకుండా నేరుగా నేలకి దిగుతోందంది. చివరికి ఒకరోజు జడ బరువుగా ఉంది, మెడ నొప్పి పుడుతోందంది. అయితే కోసి పళ్ళెంలో పెట్టు, తూచి చెబుతానన్నాడాయన. ఆ మాటకి తనే నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఆ గదిలో ఇంకా కొన్ని జరిగాయి గానీ ఆయన వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. గోడ గడియారం రోజుకి ఐదు నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలుపెట్టింది, తర్వాత అరగంట. మరమ్మతుకిస్తే షాపులో వారం పాటు సెకను తేడా లేకుండా నడిచింది. ఇంటికి తెచ్చి అదే మేకుకి తగిలిస్తే మళ్ళీ అదే పరుగు. విసుగొచ్చి లోలకం విప్పి అటక మీద పడేశాడు. మంచం పట్టె రెండుసార్లు విరిగింది. వడ్రంగి చెక్క మంచిది కాదన్నాడు. మూడోసారి ఎక్కడ విరుగుతుందోనని ఆయన ముందుగదిలో సోఫా మీద పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ గదిలో కూర్చుని లేవాలంటే మోకాలి మీద చెయ్యి వేసి లేవాల్సి వచ్చేది. యాభై దాటాక అందరికీ ఉండేదేలే అనుకున్నాడు.

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఇన్‌స్పెక్టరు నోటుబుక్కు తీసి చూపించాడు. తేదీలు, గ్రాములు, పక్కన సంతకాలు. అంత ముచ్చటైన లెక్క ఆ డాక్టరు ఏ రోగి తాలూకు మనిషి దగ్గరా చూసి ఉండడు. మనసు అలిసిపోయిందని తేల్చాడు. మాత్రలు రాసి, ఆవిడ గదిలో ఆవిడని పూర్తిగా విశ్రాంతి తీసుకోనివ్వమన్నాడు. బరువు అన్నప్పుడల్లా కోప్పడకుండా మెల్లగా తూచి చూపిస్తే ఆ భ్రమే పోతుందన్నాడు. ఆయన అలాగే చేశాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఓపిగ్గా, ప్రేమగా తూచాడు. అందులో అబద్ధం లేదు, భార్య అంటే ఆయనకి ప్రాణం. నోటుబుక్కు నలభై పేజీలు నిండింది.

నెల క్రితం ఆవిడ ఆ మాట అనడం మానేసింది. రోజంతా మంచం మీద కదలకుండా పడుకుని, ఆయన త్రాసు తీయగానే బాగుందండీ అనేది. ఆయన సంబరపడిపోయి కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. అక్కకి ఒక్కడే తమ్ముడు, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. మర్నాడు పిల్లలకి ఒక ప్రయోగం పెట్టాలి. ఇంట్లో వాడుకునే పది వస్తువులు తీసుకుని ఒక్కొక్కదాన్నీ భూమి ఎంత బలంతో లాగుతోందో లెక్క కట్టి, ఆ లెక్కని స్ప్రింగు కాటాతో సరిచూడాలి. ముందు తను చేసి జవాబులు సిద్ధం చేసుకుందామని, నిఖార్సైన గుండ్లు బావ దగ్గర తప్ప ఎక్కడా దొరకవని, కాలేజీ స్ప్రింగు కాటా సంచిలో వేసుకుని వచ్చాడు.

స్ప్రింగు కాటా అంటే ఇన్‌స్పెక్టరుకి చిన్నచూపు. సాగేదాన్ని నమ్మేదెలా అంటాడు. అది ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి.

"అయినా బరువుని మళ్ళీ లెక్క కట్టడమేమిటోయ్? తూస్తే వచ్చేదేగా బరువు."

"అది ద్రవ్యరాశి బావా. దాన్ని తొమ్మిది పాయింట్ ఎనిమిదితో గుణిస్తే భారం. రెండూ వేరు."

"మీ పుస్తకాల్లో వేరేమో. మా బజార్లో రెండూ ఒకటే."

బావమరిది నవ్వాడు. ముందుగదిలో త్రాసు పెట్టుకుని ఒక్కొక్కటే తూచారు. తాళం కప్ప రెండు వందల యాభై గ్రాములు. గుణిస్తే రెండు పాయింట్ నాలుగు ఐదు న్యూటన్లు. కిటికీ ఊచకి స్ప్రింగు కాటా తగిలించి తాళం వేలాడదీస్తే సరిగ్గా అంతే చూపించింది. గొడుగు, చెప్పు, ఇస్త్రీ పెట్టె, టార్చిలైటు అన్నీ లెక్క ప్రకారమే వచ్చాయి. సాగే కాటా ఇంత బుద్ధిగా ఉండడం చూసి ఇన్‌స్పెక్టరు కాస్త మెత్తబడ్డాడు. తొమ్మిదయ్యాయి, పదోది కావాలి. కత్తెర ఉందిగా, దాన్ని తూచే పని కూడా లేదు, నాకు కంఠతా వచ్చన్నాడు. మూడు వందల పది. గుణిస్తే మూడు న్యూటన్ల పైన ఒక పిసరు.

బావమరిది పడకగదిలోకి వెళ్ళి అక్కని పలకరించాడు. ఆవిడ దిండు మీద తల కదపకుండా నవ్వింది. కత్తెర బల్ల మీదే ఉంది. అక్కడే కాటాకి తగిలించి చూశాడు. మూడున్నర దగ్గర ఆగింది. విదిలించి మళ్ళీ చూశాడు. మూడున్నరే. ముందుగదికి తెస్తే మూడు.

కాటాలో ఏదో లోపముందన్నాడు ఇన్‌స్పెక్టరు, కొంచెం సంతోషంగానే. బావమరిది తాళం కప్ప పట్టుకుని పడకగదిలోకి వెళ్ళాడు, వెనకే ఆయనా వెళ్ళాడు. ఇందాకటి రెండు పాయింట్ నాలుగు ఐదు అక్కడ రెండు పాయింట్ ఎనిమిదైంది. గొడుగు, చెప్పు, టార్చిలైటు కూడా తెచ్చి తగిలించాడు. అన్నీ ఒకే లెక్కన పెరిగాయి. కాగితం మీద భారాన్ని ద్రవ్యరాశితో భాగించి చూసుకుంటే ప్రతిసారీ పదకొండు పాయింట్ రెండు వచ్చింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాల్సిన చోట. అతను చెమట తుడుచుకుని మంచం వైపు ఒక అడుగు వేశాడు. కాటా ముల్లు ఇంకో గీత దిగింది. మంచం పక్కన నిలబడితే ఆ లెక్క పన్నెండున్నర అయింది. అక్క తల పక్కన, దిండు మీదుగా చెయ్యి చాపితే పద్నాలుగు పాయింట్ ఏడు. తాళం కప్ప ఊగడం లేదు. గుంజకి కట్టిన తాడులా బిగిసి ఉంది.

ఇద్దరు మగవాళ్ళూ తన తల మీద తాళం కప్ప వేలాడదీసి లెక్కలు వేసుకుంటుంటే ఆవిడ చూస్తూ ఉంది. ఇంకో రుజువు చూపించబోతున్నారని ఎదురుచూసే చూపు అది.

"కాటా తప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను ఈ గదిలోనే రోజుకి రెండుసార్లు తూచాను. నలభై పేజీలున్నాయి. ముల్లు ఒక్కసారి కూడా కదల్లేదు."

"త్రాసుతో తూచారా బావా?"

"మరి దేనితో తూస్తారు?"

బావమరిది చాలా మెల్లగా, తరగతిలో వెనక బెంచీవాడికి చెప్పినట్టు చెప్పాడు. "త్రాసు ఈ పళ్ళేన్నీ ఆ పళ్ళేన్నీ పోలుస్తుంది, అంతే. ఈ గదిలో కత్తెర బరువెక్కితే మీ గుండ్లు కూడా అంతే బరువెక్కుతాయి. ఇంక ముల్లెందుకు కదుల్తుంది?"

ఆయనకి తెలియని సంగతి కాదది. ముప్ఫై ఏళ్ళ క్రితం పరీక్షలో రాసి పాసైన ప్రశ్న. ఇరవై ఆరేళ్ళుగా బజార్లో బరువు, బరువు అని తిరిగి తిరిగి, ఆ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయని మర్చిపోయాడు. కత్తెర బరువుగా ఉందని ఆవిడంటే, కత్తెరలో ఇనుమెంతుందో తూచి చూపించాడు. ఆవిడ అడిగింది అది కాదు. ఏడు పాళ్ళకి ఒక పాలు పెరిగిన బరువులో కూర్చుని రోజంతా బట్టలు కుట్టింది. దిండు దగ్గరైతే సగానికి సగం పెరిగిన బరువు. అక్కడే విశ్రాంతి తీసుకోమని పడుకోబెట్టారు. పడుకోబెట్టడానికి కారణం ఆయన నోటుబుక్కు.

ఆయన మంచం దగ్గరికి వెళ్ళి వంగాడు. వంగుతుంటే తన ముఖంలో చర్మం కిందికి జారడం తెలిసింది. ఇన్నాళ్ళూ అది కూడా వయసే అనుకున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే. ఇక్కడ బరువు పెరిగింది. పద, బయటికి వెళ్దాం."

"లేదండీ" అంది ఆవిడ నవ్వుతూ. "నాకేం బరువుగా లేదు. మీరు తూచి చూపించారుగా."

"ఏదీ, చెయ్యి ఎత్తు."

ఆవిడ చెయ్యి దుప్పటి మీద అలాగే ఉంది. వేళ్ళు కొంచెం కదిలాయి. "ఎత్తాలని లేదండీ, అంతే. బరువేం కాదు. నేనేమీ అనలేదుగా."

నేనేమీ అనలేదుగా అన్న ఆ మాట ఆయన్ని కోసేసింది. తప్పు చేసి దొరికిపోయినట్టు చెప్పింది ఆవిడ. భ్రమ పోయిందని ఊరంతా చెప్పుకున్నాడు గానీ పోయింది భ్రమ కాదు. తన ఒళ్ళు చెప్పేదాన్ని నమ్మడం మానేసింది మనిషి.

ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆవిడ మనిషి సన్నం, యాభై కిలోలుంటే ఎక్కువ. దిండు మీంచి లేపేటప్పుడు బావమరిది నడుము కలుక్కుమంది. మొదటి అడుగు ఇద్దరూ పళ్ళు బిగించి వేశారు. రెండో అడుగుకి కొంచెం తేలికైంది. కుట్టు మిషను దాటారు, ఇంకొంచెం తేలికైంది. గడప దాటగానే ఆవిడ మీద పెరిగిన బరువు మొత్తం ఎవరో కిందనుంచి వదిలేసినట్టు తగ్గిపోయి, ఇద్దరి చేతులూ వాటంతటవే పైకి లేచాయి. ఆవిడ జడ గాల్లో ఊగింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సోఫా మీద పడుకోబెట్టాక ఆవిడ కుడిచెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముఖం వెలిగిపోయింది. "మాత్రలు పనిచేస్తున్నాయండీ" అంది.

మాత్రలు కాదన్నాడు ఆయన. స్ప్రింగు కాటా తెచ్చి కిటికీ ఊచకి తాళం కప్పతో సహా తగిలించి, ఇక్కడ ఇంత, లోపల అంత అని అంకెలు చూపించాడు. త్రాసు సంగతి, పళ్ళేల సంగతి చెప్పాడు. తనదే తప్పని కూడా అన్నాడు, ఇరవై ఆరేళ్ళలో ఎవరి దగ్గరా అనని మాట. ఆవిడ అంతా శ్రద్ధగా విని, ఆయన చేతి మీద చెయ్యి వేసి ఓదారుస్తున్నట్టు నిమిరింది.

"అప్పుడూ అంకెలే చూపించారు" అంది. "ఇప్పుడూ అంకెలే చూపిస్తున్నారు. దేన్ని నమ్మమంటే దాన్ని నమ్ముతానండీ. కాసేపుండి మళ్ళీ గదిలోకి వెళ్తాను. డాక్టరు గారు అక్కడే ఉండమన్నారు."

బావమరిది అక్క వైపు చూడలేక లేచాడు. బండి తెస్తాను, ఇవాళే మా ఇంటికి తీసుకెళ్ళిపోదాం, ఆ గదికి తాళం వేసెయ్యండి బావా అని వీధిలోకి వెళ్ళాడు. ఆ మాటతో ఇన్‌స్పెక్టరుకి ఊపిరొచ్చింది. అవును, గది ఇక్కడే ఉంటుంది, మనిషి వెళ్ళిపోతుంది. గదిదే కదా దోషం. లేచి పడకగది తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టి, తాళం కోసం కిటికీ దగ్గరికి వచ్చాడు.

రెండు పాయింట్ నాలుగు ఐదు దగ్గర ఉండాల్సిన ముల్లు రెండున్నర మీద ఉంది.

గాలికేమో అనుకున్నాడు. గాలి లేదు. చూస్తుండగానే ముల్లు ఇంకో గీత దిగింది. ఏ తొందరా లేకుండా, దారి తెలిసినవాడు నడిచి వచ్చినట్టు దిగుతోంది. ఆయన కాటా ఊడదీసి చేత్తో పట్టుకుని వీధి తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ రెండు పాయింట్ నాలుగు ఐదు. సోఫా వైపు వస్తే రెండు పాయింట్ ఆరు. ఆవిడ తల దగ్గర రెండు పాయింట్ ఏడు. గడియ తీసి పడకగదిలోకి చాపితే అక్కడ మామూలుగా ఉంది. ఆ గదిలో ఇప్పుడేమీ లేదు.

గది కాదు. అది ఆవిడ వెంట వస్తోంది. బావమరిది బండి తెస్తాడు. వాళ్ళింటికి తీసుకెళ్తారు. అక్కడ ఏ మంచం మీద పడుకోబెట్టినా అది వెతుక్కుంటూ వస్తుంది.

ఆవిడ సోఫా చేతి మీద తల ఆన్చి ఆయన్నే చూస్తోంది.

"ఎంత చూపిస్తోందండీ?"

ఏమీ మారలేదని చెప్పడం తేలిక. మూడు నెలలు చెప్పిన మాటే, ఇంకోసారి చెబితే ఆవిడ నమ్ముతుంది కూడా. బండి వచ్చేదాకా నవ్వుతూ ఉంటుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటని మింగి, కాటాని నేల మీద పెట్టి, ఆవిడ తల పక్కన కూర్చున్నాడు. కూర్చోగానే తన భుజాల మీద కూడా పడింది అది, మెత్తగా, పైనుంచి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు.

"అది నాకెందుకు" అన్నాడు. "నీకెలా ఉందో చెప్పు."

మూడు నెలల్లో ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడగలేదు. ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది, నోటుబుక్కు ఉందేమోనని. ఖాళీ చేతులు. తలుపు వైపు చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"బరువుగా ఉంది" అంది, వినపడీ వినపడకుండా.

"అవును" అన్నాడాయన.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఇన్నాళ్ళూ ఒక్క చుక్క కూడా రాల్చని మనిషి బావురుమని, గుండె తేలికపడేలా, ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఆయన ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కన్నీళ్ళు ఆవిడ చెంపల మీద ఎక్కడా ఆగకుండా, జారాల్సిన దానికంటే వేగంగా జారి పడుతున్నాయి.